కొండకి అటుపక్క

మా నాయన ఫోన్ ఎత్తగానే అడిగే మొదటి మాట "తింటివా" కాదు. "ఆడ వానేమన్నా పడతాండాదా సామీ?"

ఆయన ఉండేది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో. నేను ఉండేది టోక్యోలో. టోక్యోలో వాన పడితే ఆయన చెనిక్కాయ పంటకి ఏం ఒరుగుతుందని మీకు నవ్వొస్తుందేమో. మొదట్లో నాకూ వచ్చేది. బెంగళూరులో ఉద్యోగం చేసినప్పుడూ ఇదే ప్రశ్న. వాన యాడ పడినా పడినట్టేనని ఆయన లెక్క.

2022 సెప్టెంబరులో ఇక్కడికి వచ్చా. జపాన్ అంటే మంచు అనుకుని, ఆఫర్ లెటర్ రాగానే మందపాటి జాకెట్ కొన్నా. డిసెంబరు పోయింది, జనవరి వచ్చింది. చలి ఉంది గానీ మంచు లేదు. అసలు మబ్బే లేదు. రోజూ కడిగి ఆరేసినట్టు నీలాకాశం, పెదాలు పగిలే పొడిగాలి. బాల్కనీలో వేసిన టవల్ మధ్యాహ్నానికల్లా అప్పడం అయిపోయేది.

మా టీమ్‌లో ఒక సీనియర్ ఉన్నాడు, నీగాత వైపు వాడు. నా గొణుగుడు విని ఫోన్‌లో ఆ రోజు శాటిలైట్ ఫోటో తీసి చూపించాడు. జపాన్‌కి ఎడమ పక్క సముద్రం మీద దువ్వెనతో దువ్వినట్టు తెల్లటి మబ్బు చారలు. అవి వచ్చి మధ్యలో ఉన్న కొండల వరుసకి కొట్టుకుని ముద్దగా ఆగిపోయాయి. కుడి పక్క, మేమున్న టోక్యో వైపు, శుభ్రంగా ఖాళీ.

"నీ మంచు అక్కడ ఆగిపోయింది" అన్నాడు.

నాకు వెంటనే మా హైస్కూల్ సోషల్ సారు గుర్తొచ్చాడు. బోర్డు మీద కొండ గీసి, అరేబియా సముద్రం నుంచి బాణం గీసి, బాణం కొండకి తగిలే చోట చుక్కలు చుక్కలుగా వాన పెట్టి, తర్వాత కొండకి ఇవతల సుద్దముక్కతో టక్‌మని కొట్టాడు. "ఇదీ మనం." వర్షచ్ఛాయ ప్రాంతం. పడమటి కనుమల మీద ఆగుంబేలో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్ల పైన పడే వాన, మా దగ్గరికి వచ్చేసరికి ఏడాది మొత్తం మీద అయిదొందల యాభై చుట్టూ. ఈశాన్య ఋతుపవనాలైనా ఆదుకుంటాయా అంటే, బంగాళాఖాతం మాకు దూరం. నెల్లూరు తడుస్తుంది, మేం టీవీలో చూస్తాం.

ఇంత దూరం విమానమెక్కి వచ్చి మళ్ళీ కొండకి ఎండు పక్కనే దిగానన్న మాట.

ఆ జనవరి చివర్లోనే జోఎత్సు షింకాన్‌సెన్ ఎక్కా. టోక్యో నుంచి ఎచిగో యుజావాకి గంటా ఇరవై నిమిషాలు కూడా పట్టదు. తకసాకి దాటేదాకా ఎండ. ఆ గున్మా మైదానంలో చలికాలం వీచే పొడిగాలికి 'కరక్కజే' అని ఒక పేరే ఉంది. మంచంతా అవతల దించేసి, కొండ దిగి ఖాళీ చేతులతో వచ్చే గాలి అది. తర్వాత రైలు దాయ్‌షిమిజు సొరంగంలో దూరింది. ఇరవై రెండు కిలోమీటర్లు. చెవులు దిబ్బడ వేశాయి, కిటికీలో నా మొహమే కనిపించింది. బయటికి వచ్చేసరికి రంగులన్నీ పోయాయి. ఆకాశం బూడిద, కింద తెలుపు, ఇళ్ళ కప్పుల మీద మనిషి నడుం ఎత్తు మంచు. నోబెల్ వచ్చిన కవబాత రాసిన 'యుకిగుని' నవల జరిగేది ఈ ఊళ్ళోనే అని సీనియర్ చెప్పాడు. ఆ పేరుకి మంచుదేశమని అర్థం.

గూగుల్‌లో ఎత్తు చూశా. యుజావా, అనంతపురం రెండూ సముద్రమట్టానికి మూడొందల నలభై మీటర్లకి కాస్త అటూ ఇటూ. ఇది హిమాలయం కాదు, ధ్రువం అసలే కాదు. సియోల్ ఉన్న అక్షాంశమే. అయినా చలికాలంలో రోజురోజుకీ పడ్డ మంచును కొలిచి కలిపితే పది మీటర్ల దాకా వచ్చే ఏళ్ళున్నాయి.

ఎలాగంటే, చలికాలం సైబీరియా మీద గాలి గడ్డకట్టినంత చల్లబడి, బరువెక్కి, బయటికి పొర్లుతుంది. అది ఒట్టి పొడిగాలి, అందులో తేమ ఏమీ ఉండదు. దారిలో జపాన్ సముద్రం తగులుతుంది. దక్షిణం నుంచి వచ్చే త్సుషిమా ప్రవాహం వల్ల ఆ నీళ్ళు జనవరిలో కూడా గాలి కంటే చాలా వెచ్చన. మా ఊళ్ళో చలికాలం పొద్దున్నే బోరు వేస్తే నీళ్ళ మీద పొగలు లేస్తాయి. అదే సంగతి, కాకపోతే సముద్రమంతా. ఆ ఆవిరి తాగుతూ తాగుతూ గాలి నీగాత తీరం చేరుతుంది. అక్కడ రెండు వేల మీటర్ల కొండలు అడ్డం. పైకెక్కక తప్పదు, ఎక్కితే చల్లబడక తప్పదు. మొత్తం అక్కడే వదిలేస్తుంది. ఇది కూడా ఋతుపవనమే, ఆసియా ఖండం బయటికి వదిలే ఊపిరి. దాని ఇంకో పాయే బంగాళాఖాతం మీదుగా నెల్లూరుకి వెళ్ళేది.

ఒక్కోసారి ఈ గాలి కొరియా, చైనా సరిహద్దులో ఉన్న చాంగ్‌బాయి కొండల దగ్గర రెండుగా చీలి, సముద్రం మీద మళ్ళీ కలుస్తుంది. కలిసిన చోట మబ్బులు తాడులా పేనుకుంటాయి. ఆ తాడు కొస ఎక్కడ తగిలితే అక్కడ గంటల తరబడి ఒకే చోట కుమ్మరింపు. 2020 డిసెంబరులో యుజావా దగ్గరి కన్‌ఎత్సు ఎక్స్‌ప్రెస్‌వే మీద అలాగే రెండు వేలకు పైగా వాహనాలు మంచులో ఇరుక్కుని, అన్నీ బయటపడడానికి రెండు రోజులకి పైగా పట్టింది.

స్కీయింగ్ సంగతి క్లుప్తంగా చెప్తా, గొప్పేమీ లేదు. మొదటి రోజు పదకొండుసార్లు పడ్డా. నాలుగేళ్ళ పిల్ల ఒకతి నా పక్కనుంచి జారుకుంటూ పోతూ జాలిగా చూసింది. నీగాత మంచు బరువు, తడి ఎక్కువ. హొక్కైదోలో నిసెకో మంచు ఇంకా చలిలో పడుతుంది కాబట్టి పిండిలా ఉంటుందట, పడినా నొప్పి ఉండదట. ఆ ముక్క నాకు ముందే ఎవరూ చెప్పలేదు.

కానీ పిచ్చి పట్టింది. మంచుకి కాదు, మంచు లెక్కకి. శాటిలైట్ యాప్, వాతావరణ శాఖ మంచు లోతు మ్యాప్, పడమట అధిక పీడనం తూర్పున అల్పపీడనం ఉన్న చార్టు, ఐసోబార్లు నిలువుగా ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో చూసుకోవడం. మా నాయన సాయంత్రం వార్తల్లో మబ్బుల ఫోటో కోసం కాచుక్కూచునే వాడు. నేను అదే పని ఫోన్‌లో చేస్తున్నానని గమనించడానికి నాకు ఏడాది పట్టింది.

2024 ఫిబ్రవరి మధ్యలో మళ్ళీ వెళ్ళా. నెల ముందే రూమ్ బుక్ చేశా. సొరంగం దాటాం. అవతల వాన! కొండ వాలు మీద అక్కడక్కడా గోధుమరంగు గడ్డి తేలి ఉంది. టోక్యోలో ఆ వారం వేడి ఇరవై డిగ్రీలు దాటి, జనం హాఫ్ చేతులతో తిరిగారు. జపాన్‌లో 1898 నుంచి ఉన్న లెక్కల్లో అది రెండో అతి వెచ్చని చలికాలం. మొదటి స్థానం 2019-20ది.

ఆ 2019-20 కథలో మనకీ భాగం ఉంది. ఆ ఏడు హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా వైపు నీళ్ళు బాగా వేడెక్కి, ఇండొనేషియా వైపు చల్లబడ్డాయి. దీన్ని ఇండియన్ ఓషన్ డైపోల్ అంటారు. 1999లో 'నేచర్' పత్రికలో దీని గురించి రాసిన నలుగురిలో ముగ్గురు మనవాళ్ళు, సాజీ, గోస్వామి, వినయచంద్రన్. నాలుగో ఆయన జపాన్ శాస్త్రవేత్త యమగాట. ఆ డైపోల్ ఊపున్న ఏడాదే మన దేశంలో నైరుతి వానలు సగటును మించాయి. అదే, పైన జెట్ గాలుల దారి మార్చి జపాన్‌లో చలిగాలిని బలహీనపరిచిన కారణాల్లో ఒకటి. ఎక్కడో సముద్రం రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే ఒక ఊళ్ళో వాన, ఇంకో ఊళ్ళో లిఫ్టులు బంద్.

ఆ ట్రిప్పులో నేను దిగింది ఒక మిన్షుకులో. అంటే ఇంటివాళ్ళే నాలుగు గదులు అద్దెకిచ్చి, వండి పెట్టే పద్ధతి. నడిపేది ఒక్క ముసలావిడే. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. మనసులో ఆవిడ్ని అవ్వా అనే పిలుచుకునేవాణ్ణి. నాకు తప్ప బుకింగులన్నీ క్యాన్సిల్. ఆవిడ కిటికీలోంచి వాన చూస్తూ, "ఈ ఏడు ఒళ్ళు నొప్పులు లేవు, డబ్బులూ లేవు" అంది.

ఆ ఏప్రిల్‌లోనే నాయనకీ నాకూ చెడింది.

ఆరో బోరు వేయిస్తానన్నాడు. టెంకాయ చేతిలో పెట్టుకుని తిరిగే ఆయన పాయింటు చూపించాడట, వెయ్యి అడుగులు పోతే తప్పకుండా పడతాయట. రెండు లక్షలు కావాలి. వేసిన అయిదింటిలో రెండు దుమ్ము లేపి ఊరుకున్నాయి, రెండు ఎండిపోయాయి, మిగిలిన ఒక్కటీ గంటసేపు పోసి ఆయాసపడుతుంది. నేను ఇంజినీరుని కదా, ఎక్సెల్ షీట్ చేశా. అయిదు బోర్ల ఖర్చు, వడ్డీ, వచ్చిన పంట, చివర్లో ఎర్ర రంగులో నష్టం. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టా. కింద ఒక లైను కూడా రాశా, "భూమి కౌలుకిచ్చి అనంతపురంలో ఇల్లు తీసుకుని ఉండండి" అని.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

తర్వాత కూడా ఫోన్లు మాట్లాడుకున్నాం. బాగుండావా అంటే బాగుండా. కానీ వాన గురించి అడగడం మానేశాడు. పది నెలలు. ఆ ప్రశ్న లేకపోతే మా ఇద్దరి మధ్య మాట్లాడుకోడానికి నిజంగా ఏమీ లేదని అప్పుడు తెలిసొచ్చింది.

2025 ఫిబ్రవరి పూర్తిగా వేరే కథ. నెల మొదట్లోనే బలమైన చలిగాలి దిగింది, జపాన్ సముద్రం వైపు ఊళ్ళన్నీ మునిగాయి. వెచ్చబడే కాలంలో ఇంత మంచేంటి అంటారా? ఆ సముద్రం కూడా వేడెక్కుతోంది, అదీ ప్రపంచ సగటు కంటే వేగంగా. చలిగాలి వచ్చే రోజులు తగ్గినా, వచ్చిన రోజు దానికి దొరికే ఆవిరి ఎక్కువ. ఏడాది మొత్తం తక్కువే పడి, పడిన రోజు మాత్రం కొంప ముంచేలా పడుతుంది. మాకు ఇది కొత్త కాదు. కరువు జిల్లా అని పేరున్న మా అనంతపురం టౌనులోనే 2022 అక్టోబరు వానకి కాలనీలు మునిగాయి.

వెళ్ళా. అదే మిన్షుకు. దారికి రెండు పక్కలా నాకంటే ఎత్తు మంచు గోడలు. ఆ రాత్రి ఉరుము విన్నా. మంచు పడుతుంటే ఉరుములా అని లేచి కూర్చున్నా. పొద్దున అవ్వ చెప్పింది, దాన్ని 'యుకి ఒకొషి' అంటారట, మంచుని లేపే ఉరుము. తలుపు తీస్తే కొత్తగా అర మీటరు పైనే పడి ఉంది.

అవ్వ అప్పటికే బయట ఉంది. చేతిలో స్నో డంప్, అంటే తోపుడు బండికి చక్రాలు తీసేసినట్టుండే పెద్ద చేట. నేనూ ఒకటి తీసుకున్నా. పావుగంటలో జాకెట్ విప్పేశా. కొత్త మంచు దూదిలా ఉంటుంది గానీ, పేరుకుని అణిగినది మీటరు మందం ఉంటే చదరపు మీటరుకి మూడొందల కిలోలు. చిన్న ఇంటి కప్పు మీద అది ఒక పెద్ద లారీ లోడు. దించకపోతే ఇల్లు కూలుతుంది, దించడానికి ఎక్కితే మనిషి జారుతాడు. ఇక్కడ మంచుకి చనిపోయే వాళ్ళలో ఎక్కువ మంది తుఫానులో చిక్కుకున్న వాళ్ళు కాదు, ఇలా మంచు తీస్తూ పోయిన ముసలివాళ్ళు. ఈ పక్క ఊరు షియోజావా బట్టల వ్యాపారి సుజుకి బోకుషి 1837లోనే 'హొకుఎత్సు సెప్పు' అని పుస్తకం వేసి ఇదే మొత్తుకున్నాడు. మంచు తక్కువ పడే ఊళ్ళ వాళ్ళకి అది వేడుక, మాకు కష్టం అని. మేం స్కీలు భుజాన వేసుకుని దిగుతుంటే ఆయన ఏమనుకునేవాడో.

మధ్యలో అవ్వకి ఫోన్ వచ్చింది. కొడుకు. సైతామాలో ఉంటాడట, కొండకి ఎండు పక్క. ఆవిడ "ఆ, ఆ" అంటూ విని పెట్టేసింది.

"ఇల్లు అమ్మేసి రమ్మంటాడు. ప్రతి ఫిబ్రవరిలోనూ అంటాడు" అంది నాతో.

"మీరేమంటారు?"

"మంచు తీశాక మాట్లాడతానంటా." నవ్వి మళ్ళీ చేట తోసింది.

నేను తల దించుకుని మంచు తోశా. ఎక్సెల్ షీట్ ఆ కొడుకు కూడా చేసి ఉంటాడా అనిపించింది.

మధ్యాహ్నం నాయనకి వీడియో కాల్ చేశా. కారణం ఏమీ చెప్పకుండా కెమెరా తిప్పా. గోడలు, కప్పులు, ఇంకా పడుతున్న మంచు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నెట్ పోయిందేమో అనుకున్నా.

"ఇదంతా కరిగితే ఎన్ని పదున్లు అయితాదిరా?"

పదును అంటే తెలియని సిటీ వాళ్ళ కోసం: విత్తనం వేయడానికి చాలినంత నేల తడిసే వాన. మా దగ్గర వానని మిల్లీమీటర్లలో ఎవరూ కొలవరు.

అక్కడే నిలబడి లెక్క చెప్పా. కొత్త మంచు సెంటీమీటరుకి ఇంచుమించు మిల్లీమీటరు నీళ్ళు. అంటే రాత్రి పడ్డది మంచి పదునే. అణిగిన మంచు అయితే ఇంకా చిక్కన. పైన కొండ మీద మూడు మీటర్లు పేరుకుందనుకుంటే, కరిగితే మీటరు లోతు నీళ్ళు. వెయ్యి మిల్లీమీటర్లు.

"మనకి దగ్గర దగ్గర రెండేండ్ల వాన నాయనా. అట్లే నిలబడి ఉండాది."

"కారిపోదా?"

"ఏప్రిల్, మే దాకా కొంచెం కొంచెంగా దిగుతాది. కింద వరి మళ్ళు. ఈ దేశంలో పేరున్న బియ్యం ఇక్కడివే, ఉవొనుమా కొషిహికరి అని."

"అంటే కొండ మీద చెరువు. కట్ట లేని చెరువు."

నేను మూడు చలికాలాలు చార్టులు చూసి ఆ మాట అనుకోలేదు.

అప్పుడే ఆయన కంట్లో రోడ్డు పడింది. "ఆ దావ ఎందుకట్ల ఎర్రగా ఉండాది? నీళ్ళు చిమ్ముతాండాయే?" రోడ్డు మధ్యలో చిన్న చిన్న తూముల్లోంచి నీళ్ళు ఎగజిమ్ముతుంటాయి ఇక్కడ. నాగఓకాలో మొదలైన పద్ధతి. భూమిలోంచి తోడిన నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి కాబట్టి మంచు కరుగుతుంది, ఆ నీళ్ళలోని ఇనుముకి రోడ్డు తుప్పు రంగు తిరుగుతుంది.

"బోరు నీళ్ళా?"

"ఊ."

"బోరు నీళ్ళు తీసి రోడ్డు మీద పోస్తాండారా! మంచు మీద!" నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. పక్కన అమ్మని పిలిచి చెప్పాడు. పది నెలల తర్వాత విన్న నవ్వు. ఈ తోడుడు ఎక్కువై పక్కనే ఉన్న ముయికమాచిలో నేల కుంగిందని కూడా చెప్పా. నవ్వు ఆపి, "ఆడ కూడానా" అన్నాడు మెల్లగా.

బోరు మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పెట్టేసేముందు మాత్రం అడిగాడు, "రేపు కూడా పడతాదంటనా?"

ఈ మే నెలలో ఇంకోసారి వెళ్ళొచ్చా. యుజావాలో ఎత్తున ఉండే కగురా రిసార్ట్ మే దాకా నడుస్తుంది. పైన మంచు ఉప్పులా గరగరలాడుతోంది, ఎండకి మొహం మాడింది. ఇప్పుడు రోజుకి రెండు మూడుసార్లే పడుతున్నా. కిందికి దిగి ఉవొనో నది వెంబడి లోకల్ రైల్లో రెండు స్టేషన్లు వెళ్తే మళ్ళన్నీ నీళ్ళతో అద్దాల్లా ఉన్నాయి, అప్పుడే నాట్లు వేస్తున్నారు. ఆ నీళ్ళలో తెల్ల కొండ తలకిందులుగా కనబడుతోంది. కాలవలో చెయ్యి పెట్టా, వేళ్ళు కొంకర్లు పోయాయి. ఫిబ్రవరిలో నేను తోసిన మంచు కూడా ఇందులో కాస్త ఉండే ఉంటుంది.

ఫోన్ గట్టు మీద ఆనించి నాయనకి చూపించా. కాలవ, తూము, మడి, కొండ, వరుసగా. ఆయన రైతు కాబట్టి కొండని పెద్దగా పట్టించుకోలేదు. తూము దగ్గరికి పెట్టమన్నాడు. ఇంకా దగ్గరికి.

"ఈ నీళ్ళకి తీరువా కడతారా?"

"కనుక్కుని చెప్తా" అన్నా.

"కనుక్కో. మన దిక్కు మబ్బయితే పట్టిండాది. చూడల్ల."